తోకబొట్టు

బస్సు జగ్గయ్యపేట స్టాండు దాటిందో లేదో నాగేంద్రమ్మకు దిగి వెనక్కి పోదామనిపించింది. ఒళ్ళో కొత్త స్టీలు బిందె, బిందె చుట్టూ న్యూస్‌పేపరు, పేపరు మీద పురికొస, ఆ పురికొస ముడి మీద ఆమె రెండు చేతులూ. పక్కన కిటికీ దగ్గర పెద్దకూతురు వాసవి, ముందు సీట్లో అత్తగారు ఆండాళమ్మ, ఆవిడ ఒళ్ళో నిద్రకు తూగుతున్న చిన్నది పద్మజ, వెనకాల మగవాళ్ళ మధ్య ఎక్కడో నిలబడ్డ భర్త వెంకటకృష్ణారావు. ఇంతమందినీ బయల్దేరదీసింది తనే. ఎండాకాలం మంచి బేరాల రోజుల్లో కిరాణా కొట్టుకి రెండు రోజులు తాళం వేయించింది తనే. ఆదివారం పొద్దున చిన్ననాటి స్నేహితురాలు ప్రమీల పెళ్ళయితే శనివారం సాయంత్రం పెళ్ళికూతుర్ని చేసే వేళకే నందిగామలో ఉండాలని మంకుపట్టు పట్టిందీ తనే. పెళ్ళి భోజనాలయ్యాక పెనుగంచిప్రోలు అమ్మవారి దర్శనం కూడా చేసుకుని వద్దామని ఆయన తన వంతు కలిపి, దీన్నొక యాత్ర చేశాడు. పిల్లలు వారం నుంచీ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టారు. అంతా అయ్యాక, గంట ప్రయాణం మిగిలాక, ఆమెకు గుబులు మొదలైంది. ప్రమీల నన్ను నిజంగా రమ్మందా? రమ్మని ఊరికే అన్నదా? ఆ గుమ్మంలో నన్ను చూసి మొహం చిట్లిస్తే, ఈ ఇంటిల్లిపాదినీ, ఈ బిందెనీ నేనెక్కడ దాచుకోను?

పిలవలేదనడానికి లేదు, కార్డొచ్చింది. పోస్టులో వచ్చింది. నాలుగు మూలలా పసుపు పూసి, పైన శ్రీ వెంకటకృష్ణారావు గారికి అని గుండ్రటి అక్షరాలతో వచ్చింది. అది ప్రమీల రాత కాదు. ప్రమీల అక్షరాలన్నీ గాలికి వాలిన జొన్నల్లా ఒక పక్కకే ఉంటాయి, వాటిని చిన్నప్పటి నుంచీ చదివిన కళ్ళు ఇవి. దాని తమ్ముడు చిన్నబాబు రాసుంటాడు. లోపల చి.ల.సౌ. ప్రమీలారాణి అని అచ్చులో చూసి నాగేంద్రమ్మ ముందు నవ్వింది. ముప్పై నాలుగేళ్ళ పంతులమ్మకి చి.ల.సౌ.! తండ్రి బ్రహ్మయ్య గారు పోయాక పొలం చూసుకుని, బళ్ళో పాఠాలు చెప్పుకుని, ఇద్దరు తమ్ముళ్ళని డిగ్రీలు దాటించి, నాకు పెళ్ళేమిటి నాన్సెన్సు అని పదేళ్ళు అందరి నోళ్ళూ మూయించిన మనిషికి, వీరులపాడు సైన్సు మాస్టారు భవానీప్రసాద్ గారితో పెళ్ళి! నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత కార్డు తిప్పి చూసింది. మళ్ళీ తిప్పి చూసింది. కవరు చించి లోపలి వైపు కూడా చూసింది, ఏ మూలనన్నా, నాగూ, రావే, అని ఒక్క ముక్క ఉంటుందేమోనని. లేదు. బంధుమిత్ర సపరివారంగా అన్న అచ్చు మాట ఉంది, అది ఊరందరికీ ఉంటుంది.

"బొట్టు పెట్టి పిలవకుండా కార్డు పడేస్తే ఆ పిలుపు మగాళ్ళకే గానీ మనకెట్టా అవుద్దే అమ్మాయ్?" అన్నది ఆండాళమ్మ ఆ రోజే, కార్డుని దూరంగా పట్టుకుని చూస్తూ. అన్నది గాని, పెళ్ళి అనేసరికి ఆవిడకి కాళ్ళు ఇంట్లో ఆగవు. అందరికంటే ముందు సంచీ సర్దిందీ, నందిగామ వాళ్ళు పూర్ణాలు నేతిలో ముంచి పెడతారని పిల్లలకు చెప్పిందీ ఆవిడే. ఇప్పుడు ముందు సీట్లో జబ్బ మీద మనవరాలి తల, చేతిలో తాటాకు విసనకర్ర, పక్క సీటు ఆవిడతో అప్పుడే ఏదో దూరపు చుట్టరికం. ఆవిడ అన్నమాట మర్చిపోయింది. నాగేంద్రమ్మకే అది చీరంచుకి గుచ్చుకున్న పల్లేరుకాయలా అడుగడుక్కీ తగులుతోంది. ఎందుకంటే అందులో సగం నిజం, మిగతా సగం ఇంకా పెద్ద నిజం. బొట్టు పెట్టకుండా కార్డు పడెయ్యడం ముందు మొదలుపెట్టింది ప్రమీల కాదు, తను.

చిల్లకల్లు దగ్గర బస్సు ఆగింది. మామిడికాయల గంప ఒకటి ఎక్కింది, దాని వెనక ఇద్దరు మనుషులు ఎక్కారు, వేడిగాలి టికెట్టు లేకుండా ఎక్కింది. హైవే మీదికి తిరగ్గానే లారీల మోత. ఐదేళ్ళయిపోయింది అప్పుడే. డెబ్బై ఏడు. కొత్తింటి గృహప్రవేశం. పుట్టినూరు నందిగామ కదా, తల్లీ తండ్రీ లేకపోయినా ఊళ్ళో పిలవాల్సిన ఇళ్ళు పాతిక ఉన్నాయి కదా అని కుంకుమ భరిణ తీసుకుని తనే వెళ్ళింది. పొద్దున పది నుంచీ తిరిగింది. ప్రతి ఇంట్లో కూచోమనడం, మజ్జిగ ఇవ్వడం, ఎన్ని గదులు, ఎన్ని కిటికీలు, సిమెంటా సున్నమా అని ఆరా తియ్యడం. ఇంట్లో మనుషులు లేనిచోట తాళం కప్ప పైన గుమ్మానికి బొట్టు పెట్టి, అదే పిలుపని, వచ్చేసింది. ఎక్కడైనా అంతేగా. ఇల్లాలు లేకపోతే ఇంటి గుమ్మానికి బొట్టు పెడితే పిలిచినట్టే. అలా నాలుగు తాళాలకి బొట్టు పెట్టింది. చివరికి మిగిలింది ఊరి చివర ప్రమీల ఇల్లు. పొద్దు వాలింది, జగ్గయ్యపేట బస్సు వేళయింది, పద్మజ అప్పటికి కడుపులో ఉంది, కాళ్ళు వాచాయి. ప్రమీలేగా, దానికీ నాకూ మధ్యన ఈ లాంఛనాలేమిటి, కార్డు వేస్తే రెక్కలు కట్టుకుని వాల్తుంది అనుకుంది. అనుకుని బస్సెక్కింది. మనుషుల్లేని గుమ్మాలకి బొట్టు పెట్టింది గాని, ప్రాణంలాంటి మనిషి ఉన్న గుమ్మం తొక్కకుండా వచ్చేసింది.

ప్రమీల రాలేదు. ఇన్‌లాండు లెటరు వచ్చింది. గృహప్రవేశం బాగా జరిగిందనుకుంటాను, కార్డు అందింది, అని రెండే లైన్లు, మిగతా నీలం కాగితమంతా ఖాళీ. కార్డు అందింది! ఆ రెండు మాటలకీ నాగేంద్రమ్మకు అన్నం సయించలేదు. కోపం కూడా వచ్చింది, ఎందుకు రాదు, అంత మాత్రానికే అంత బింకమా అని. తప్పు ఎక్కడ దిగబడిందో ఆర్నెల్లు పోయాక తెలిసింది. పేరంటాలంటే పెళ్ళయినవాళ్ళేననీ, పెళ్ళికాని నన్ను లెక్కలోకి తీసుకోలేదనీ ప్రమీల అనుకుని ఉంటుంది. ఊళ్ళో అందరి నుదుటి మీదా తన కుంకుమ ఉండి, ఆ ఒక్క నుదుటి మీదే లేకపోతే ఇంకేమనుకుంటుంది? అయ్యో, అది కాదే, నువ్వు నాదానివని, ఎటూ పోవని, అంతే! ఆ మాట ఉత్తరంలో రాద్దామని ఎన్నిసార్లు కూచుందో. రాస్తే సాకులా ఉంది. చెబుదామంటే ఎదురుపడలేదు. సంవత్సరానికి రెండు ఉత్తరాలు ఒకటయ్యాయి, ఆ ఒకటీ పోయినేడు రాలేదు. ఇప్పుడు కార్డుకి కార్డు. నువ్వు పోస్టులో పిలిచావు, నేనూ పోస్టులో పిలిచాను, చెల్లు. అంతేనా ప్రమీలా? అంతే అనుకున్నావా?

కిటికీలోంచి నల్లరేగడి చేలు వెనక్కి పోతున్నాయి. దుక్కులు దున్ని తొలకరి కోసం నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. ఇట్లాంటి చేలగట్టు మీదే కదా ఇద్దరూ బడికి నడిచేది. నాగేంద్రమ్మ వాళ్ళది బజార్లో ఇల్లు, బడికి పది అడుగుల దూరం, అయినా ప్రమీలతో మాట్లాడుతూ రావడం కోసం తెల్లారకుండా వాళ్ళింటికి పోయి, మళ్ళీ బడికి వచ్చేది. వాళ్ళ నాయనమ్మ పున్నమ్మ గారు ఇద్దరికీ తల దువ్వి, జడలు బిగించి, కాటుక పెట్టేది. బొట్లు మాత్రం ఒకళ్ళకొకళ్ళు పెట్టుకోవాలి, అది వాళ్ళ ఒప్పందం. ప్రమీలది ఎడంచేతి వాటం. తినడం, రాయడం, రాళ్ళు విసరడం అన్నీ ఎడంచేత్తోనే. బొట్టు దగ్గరికొచ్చేసరికి పున్నమ్మ గారు ఊరుకునేది కాదు. "ఎడంచేత్తో బొట్టేంటే, శుభమా అని? కుడిచెయ్యి!" అనేది. ప్రమీల పళ్ళు బిగించి, నాలిక కాస్త బయట పెట్టి, ఊపిరి బిగపట్టి కుడి ఉంగరపు వేలితో గుండ్రంగా దిద్దేది. చివర్లో వేలు తీసేటప్పుడు చెయ్యి ఒణికి కిందికి, ఒక పక్కకి, సన్నగా ఒక గీత జారేది. ప్రతిసారీ జారేది. నాగేంద్రమ్మ తల్లి సాయంత్రం కూతురి మొహం చూసి, ఎవరు పెట్టారే ఈ తోకబొట్టు అని నవ్వేది. బళ్ళో పిల్లలు ఏడిపించేవాళ్ళు. తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవచ్చు. ఒక్కనాడూ తుడుచుకోలేదు. తన పెళ్ళినాడు కూడా అంతే. కల్యాణతిలకం దిద్దుతానని ప్రమీల పట్టుబట్టి దిద్దితే ఫోటోలో తోక పడింది. ఆ ఫోటో ఇప్పటికీ హాల్లో ఉంది. పెళ్ళినాడు చెమటకి కారిందని వచ్చినవాళ్ళు అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకుంటుంది.

నవాబుపేట దాటింది. బిందె వేడెక్కింది. పేపరు లోపల, బిందె మెడ మీద చుక్కల చుక్కల అక్షరాలున్నాయి. వెంకటకృష్ణారావు అండ్ ఫ్యామిలీ అని చెక్కించమని ఆయన చీటీ రాసిస్తే, నాగేంద్రమ్మ దారిలో చీటీ మార్చింది. ప్రమీలకి, నాగూ, అని చెక్కించింది. ఆయన ఇంకా చూడలేదు. చూస్తే ఒకసారి కళ్ళజోడు సవరించుకుని, నేను డబ్బులిచ్చింది నాగూకా, అని మాత్రం అంటాడు. మంచి మనిషి. నిన్న రాత్రి భోజనాల దగ్గర, పిలుపు సరిగ్గా లేదని మీ అమ్మగారంటున్నారు, పోదామా వద్దా అని తను అడిగితే, "నీకు పోవాలని ఉందా లేదా? అది చెప్పు ముందు," అన్నాడు. ఉంది. అదేగా గొడవంతా. లేకపోతే హాయిగా ఒక టెలిగ్రాము కొట్టి ఊరుకోవచ్చు.

వాసవి కిటికీ అద్దం మీద దుమ్ములో వేలితో చుక్కలు పెడుతోంది. ఒకటి, రెండు, ఐదు, వరసగా. గుబులుగా ఉన్న మనిషికి ఎవరో ఒకరి మీద విసుక్కోవాలనుంటుంది, చేతికందేది పిల్లలే.

"తలుపులైపొయ్యాయి, ఇప్పుడు బస్సుల మీద పడ్డావా? తియ్యి చెయ్యి!"

వాసవి చెయ్యి తీసింది. మూతి ముడిచింది. తొమ్మిదేళ్ళ పిల్లకి కోపం వస్తే వాళ్ళ నాన్నలాగే గొంతు తగ్గుతుంది. "ఆ తలుపు బొట్టు నేను పెట్టలా. అప్పుడూ చెప్పా. నువ్వే వినలా. ఊరికినే కొట్టావు."

"నువ్వు కాకపోతే మీ నాయనమ్మ పెట్టిందా?"

"నాకందుద్దా అక్కడ? నీ నుదురంత ఎత్తులో ఉంది!"

నాగేంద్రమ్మ చెయ్యి తన నుదుటి మీదికి పోయింది. నెల కిందట, ఆ ఆదివారం, వీధి వీధంతా లారీ మాట్లాడుకుని వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి పోయి, కృష్ణలో మునిగి, పులిహోర తిని, పొద్దుగూకే వేళకి ఎండిపోయి ఇళ్ళకు చేరారు. గుమ్మం దగ్గర తాళం తీస్తుంటే ద్వారబంధం మీద, కుడి పక్క నిలువు చెక్కకి ఎర్రగా కుంకుమ మరక. ఆయన కంచులా మెరిసేలా మొన్ననే పాలిషు పెట్టించిన టేకు చెక్క. పొద్దున బయల్దేరే హడావిడిలో వాసవి చేతిలో భరిణ ఉండటం చూసింది, ఇంకేం ఆలోచించలేదు, పిల్ల వీపు మీద ఒకటి వేసింది. తడిగుడ్డ తెచ్చి రుద్దింది. మరక పోలేదు. కిరసనాయిలు తెచ్చి రుద్దింది. గడపకి పెట్టే బొట్టయితే అనుమానం వచ్చును, గుమ్మం పైకమ్మికి పెట్టినా వచ్చును. ఇదేమిటి, నిలువు చెక్కకి, మధ్యలో, ఎటూ కాకుండా ఆ ఎత్తులో! ఎవరు పెడతారు అక్కడ? ఎవరి కోసం పెడతారు? రుద్దుతున్నప్పుడు తన మొహం దానికి సరిగ్గా ఎదురుగా ఉంది. మెడ ఎత్తనక్కర్లేదు, దించనక్కర్లేదు. ఆ మరక కింద, ఒక పక్కకి, సన్నగా ఒక గీత. దేవుడా. దానికి తోక ఉంది.

తోక ఉంది, తోక ఉంది, చూసింది, కళ్ళారా చూసింది, చూస్తూ చూస్తూ తుడిచింది. కారిందనుకుంది. కుంకుమ పొడి ఎక్కడన్నా కారుతుందా పిచ్చిదానా! ప్రమీల వచ్చింది. ఈ ఎండలో, ఇదే బస్సులో, ఇదే రోడ్డు మీద, ఐదేళ్ళ బింకం చంకన పెట్టుకుని పేటకి వచ్చింది. తాళం చూసింది. వీధిలో పిలిస్తే పలికే మనిషి లేడు, అందరూ వేదాద్రిలో ఉన్నారు. అరుగు మీద కూచుని ఉంటుంది. మంచినీళ్ళైనా ఎవరిచ్చారు? గొడుగు తెచ్చుకుందో లేదో, అది ఎప్పుడూ గొడుగు మర్చిపోతుంది. ఇక కూచోలేక లేచి, గుమ్మానికి బొట్టు పెట్టబోయి, పైకమ్మికి పెట్టకుండా, అంత పొడుగు మనిషీ కాస్త వంగి, నాగూ ఇక్కడ నిలబడితే దాని నుదురు ఇక్కడికి వస్తుంది అని చూసుకుని, ఊపిరి బిగపట్టి, కుడిచేత్తో, కుడిచేత్తోనే పెట్టి ఉంటుంది. నా ఎత్తు దానికి ఇంకా గుర్తుంది. నేను కిరసనాయిలు తెచ్చాను. అందుకే కార్డు మీద ఒక్క ముక్క రాయలేదు. పిలిచి వెళ్ళిన మనిషి మళ్ళీ ఏం రాస్తుంది? ఆ తర్వాత నెల రోజులు నా జవాబు కోసం చూసి ఉంటుంది. నేను కవరు చించి లోపల వెతుక్కున్నాను.

నాగేంద్రమ్మ బిందెని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వాసవిని ఒళ్ళోకి లాక్కుంది. చెమటలో చెమట. పిల్ల గింజుకుంది.

"నువ్వు కాదమ్మా పెట్టింది. తప్పు నాదే. కొట్టకుండా ఉండాల్సింది," అంది పిల్ల చెవిలో.

"ఇప్పుడు తెలిసిందా?" అంది వాసవి ముందుకే చూస్తూ. ఇటు తిరిగి, "మరి ఎవరు పెట్టారు?" అంది.

"చూపిస్తా. దిగనీ."

అనాసాగరం వచ్చింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, డ్రైవరు కిందికి దిగి తీరిగ్గా నీళ్ళు తాగాడు. ఇందాక దిగిపోదామనుకున్న మనిషి ఇప్పుడు దిగి బస్సుని తొయ్యడానికైనా సిద్ధంగా ఉంది. ఎప్పుడూ ఇంత దూరం ఉందా నందిగామ? ముందు సీటు మీదికి వంగి, అత్తయ్యా, నన్ను బొట్టు పెట్టే పిలిచిందండీ ప్రమీల, అంది. ఆండాళమ్మ విసనకర్ర ఆపింది. "ఎప్పుడే?" "నెలైంది." "మరి చెప్పవేంటే ఇన్నాళ్ళూ, నన్ను చంపుకు తిన్నావు!" అని మళ్ళీ విసురుకుంది. పక్కావిడతో, పిలుపు దివ్యంగా జరిగిందటండీ, అని కూడా చెప్పేసింది.

నందిగామలో దిగేసరికి ఎండ పసుపురంగుకి తిరిగింది. రిక్షాలు మాట్లాడదామని ఆయన అంటూనే ఉన్నాడు, ఆమె బిందె చంకనేసుకుని నడుస్తోంది. దారి ఎవరినీ అడగనక్కర్లేదు. ఊరి చివర ఇల్లు, ఇంటి ముందు తాటాకు పందిరి, పచ్చి కొబ్బరాకుల వాసన, మైకు సెట్టువాడు హలో హలో అంటున్నాడు. పందిట్లో పీట మీద, చుట్టూ ముత్తయిదువల మధ్య, ఒళ్ళంతా పసుపుతో, బుగ్గన చుక్కతో, కళ్ళజోడు తీసేయడంతో చిన్నపిల్లలా అయిపోయి కూచుంది ప్రమీల. చెవుల దగ్గర రెండు తెల్లవెంట్రుకలు వచ్చాయి దీనికి, అనుకుంది నాగేంద్రమ్మ, నేను చూడకుండానే వచ్చాయి. కళ్ళు చికిలించి గుమ్మం వైపు చూసిన ప్రమీల మసకలోనే మనిషిని పోల్చుకుంది. పెళ్ళికూతురన్న మాట మర్చిపోయి బళ్ళో గొంతుతో కేకేసింది.

"ఏమే నాగూ! ఆ ఆదివారం ఇల్లు తాళమేసి ఏ దేశం పోయావే? గంటన్నర కూచున్నా మీ అరుగు మీద! కార్డులింకా అచ్చుకి కూడా ఇవ్వలా అప్పటికి. నిన్ను పిలిచాకే ఇంకొకళ్ళనని వస్తే!"

పందిరంతా ఇటు తిరిగింది. చెప్పాలనుకున్న ఐదేళ్ళ మాటలూ, కాళ్ళు వాయడం, బస్సు వేళవడం, నువ్వు నాదానివని అనుకోవడం, ఒక్కటీ రాలేదు. బిందె కింద పెట్టింది. అది ఖంగుమంది.

"తుడిచేశా ప్రమీలా," అంది. "నువ్వు పెట్టిన బొట్టు. పిల్ల పెట్టిందనుకుని, కిరసనాయిలు పెట్టి రుద్ది మరీ తుడిచేశా. ఇందాక బస్సులో తెలిసింది."

ప్రమీల పసుపు మొహంలో కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే, నేను పిలిచానని నీకు తెలీదా? ఆ కార్డు ముక్క చూసుకునే వచ్చావా?"

"ఆఁ."

"పిల్లల్నీ, అత్తగారినీ కూడా వేసుకుని?"

"ఆఁ. ఆ రోజు గృహప్రవేశానికి నేను..."

"ఇంక చాల్లే. అలిగీ అలిగీ నాకే విసుగొచ్చింది," అంది ప్రమీల. "ఇట్రా. వంగు."

పీట పక్కన కుంకుమ భరిణ ఉంది. ప్రమీల ఎడంచెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది, దాన్ని తనే వెనక్కి లాక్కుంది. పున్నమ్మ గారు లేరిప్పుడు, అయినా కుడిచెయ్యే. నాలిక కొస బయటికొచ్చింది. ఊపిరి బిగపట్టింది. నాగేంద్రమ్మ కళ్ళు మూసుకుంది. నుదుటి మీద చల్లగా వేలు తిరిగింది, గుండ్రంగా, జాగ్రత్తగా, చివర్లో కిందికి జారింది. వాసవి మునివేళ్ళ మీద లేచి తల్లి మొహంలోకి చూసి, "అమ్మా, అదే బొట్టు!" అంది.

"అయ్యో, తోకొచ్చిందే అమ్మాయ్! నలుగుర్లో ఉన్నావు, ఉండు, సరిచేస్తా," అంటూ ఆండాళమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుని ముందుకొచ్చింది.

నాగేంద్రమ్మ అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దత్తయ్యా. ఒకసారి తుడిచా. ఇంక చాలు."